గురువారం చావు

రాజమొగిలి సచ్చుడు మా వాడల ముందుగాల సూసింది నేనే.
కాశిబుగ్గల టీవీ మెకానిక్ దుక్నంల
రిపేరుకచ్చిన డబ్బాల ఏదో సినిమా నడుస్తాంది.
హీరో తంతే గడ్డివాము మీద వడి
కండ్లు తెరిసే సచ్చిండు.
"గిది మన చిలువేరోల్ల పిలగాడు గాదు?" అన్న.
ఎవ్వలు నమ్మలే. అప్పటికే సీను మారె.

అటెన్క లెక్కవెట్టిన.
పోలీసోడై ఒకపాలి, రౌడీ అయి ఏడుపాలు,
పేరులేని శవమై మూడుపాలు.
కృష్ణానగర్ల తెల్లారక ముందే నిలవడితె
ఏజెంటచ్చి వేలు సూపెడుతడట,
మన లేబరు అడ్డ మీద మేస్త్రి సూపెట్టినట్టే.
ఒక చావుకు వెయ్యిన్నర.
నెత్తురు వాల్లది, అంగి మనది.
మరక వోతే పోయింది, పోకుంటె లేదు.

పన్నెండేండ్లకు తిరిగచ్చిండు,
పాత కెమెరా ఒకటి, ఒక్క చెవికే వినవడే ఇయర్‌ఫోను,
మైకు వట్టుకునేటందుకు గూడూరు పిలగాడు అబ్బాసు.
గాలి సప్పుడు రాకుంట మైకుకు
వాల్లమ్మ ఉన్ని టోపీ తొడిగిండు అబ్బాసు.

ఎనుమాముల యార్డుల మేము తొడిమెలు దీస్తున్నం,
ముక్కుకు కొంగు గట్టుకొని నలపై మందిమి.
అచ్చి మా నడుమ కూసున్నడు.
మూడొద్దులు కెమెరా సంచిలకెల్లి తియ్యలే.
తొడిమెలు దీసిండు, దగ్గిండు,
అదే చేత్తోని కండ్లు నలుసుకొని మొత్తుకున్నడు.
నాలుగోనాడు అడిగిండు:
"పెద్దమ్మా, నా సినిమాల ఉంటవా?"
"నాకు యాక్టింగు రాదు బిడ్డా."
"నాకూ రాదు. వచ్చినట్టు పన్నెండేండ్లు చేసిన."

పద్నాలుగు బస్తాలేసుకొని
రాత్రంత కాంటా కాడ కూసునే ఆడిమనిషి, నేను.
ధర వడ్డదని తెలిసినంక ఏడ్వాలె.
నాకు ఏడుపు రాకపాయె.
ఇరవై ఏండ్లు మిర్చి కుప్పల ఉన్న కండ్లు,
ఉత్తగనే కారి కారి, పని వడ్డనాడు ఎండిపోయినయి.
"ఏడ్వకు" అన్నడు. "కాంటా ముల్లు దిక్కు సూడు, సాలు.
నేను సచ్చినప్పుడల్లా లైట్‌బాయ్ చెప్పులు సూసెటోన్ని.
ఒక చెప్పుకు పిన్నీసు ఉండేది.
హీరో మొకం మర్శిన, గా పిన్నీసు మర్వలే."

కరెంటు వోతే ఆటోల లైట్లు ఏసి తీసిండు.
పైసలొడిసినంక సినిమా రెండేండ్లు పండుకున్నది.
పరకాల, జమ్మికుంట, ములుగు
ఎన్ని పెండ్లిల్లు తీసిండో, ఎన్ని జీలకర్ర బెల్లాలో.
అబ్బాసు మైకును కుదవవెట్టి, ఇడిపిచ్చి,
మల్ల కుదవవెట్టిండు.

ఆఖరికి హన్మకొండల ఒక టాకీసోడు పొద్దుటాట ఇచ్చిండు,
ఒక్కటంటె ఒక్కటే.
పంతొమ్మిది మందిమి. అందుల పదకొండు మందిమి
తొడిమెలోల్లమే. మాకు టిక్కెట్టు కొననియ్యలే.
నా మొకం గోడంత. ముక్కు మీది తట్టు మచ్చ సుత
పల్లెమంత.
నడుమల ఒకడు లేసి బయటికి పోయిండు.
రాజమొగిలి ఎనుక ఉరికిండు:
"ఏం తమ్మీ, నచ్చలేదా?"
"బండి రోడ్డు మీదుంది అన్నా, పోలీసోల్లు లేపుకపోతరు."
బండి జరిపి, అచ్చి మల్ల కూసున్నడు.
ఆ ఒక్క మనిషి తిరిగచ్చిన ముచ్చట
ఏడాది చెప్పిండు అందరికి.

ఏ దేశంనుంచో ఒక కాయితం అచ్చింది.
ఏముందో అబ్బాసుకు సుత సక్కగ తెల్వలే.
లామినేషన్ చేపిచ్చి నాకే ఇచ్చిండు.
ఉప్పు డబ్బా మీద మూత వెట్టుకున్న,
సల్ల గాలి దూరది.

ఇప్పుడు ఇంకో సినిమా. మల్ల పైసల్లేవు.
నిన్న ఫోను చేసిండు.
"పెద్దమ్మా, గురువారం పట్నంల సావాలె.
శుక్రారం కాజీపేటల దిగుత.
శనివారం కాంటా కాడికి రా."
"ఈసారన్న కండ్లు మూసుకొని సావు బిడ్డా,
దుమ్ము వడ్తది" అన్న.
"మూసుకుంటె ఏం కనవడదు గదా" అన్నడు.
ఎనుకకెల్లి ఎవలో పేరు వెట్టక
"ఓయ్, పచ్చంగీ" అని పిలిసిండ్లు.
ఫోను కట్టాయె.